ఏడు రోజులు ఆడిన సినిమా

రెసీడాలో, టైర్ల కొట్టుకీ పళ్ళ డాక్టరుకీ మధ్య
ఒక పాత థియేటరు.
మూడు తెరల్లో రెండు మూసేశారు.
మూడోదాన్ని వారం రోజులకి అద్దెకు తీసుకుంది
ప్రేక్షకులు అక్కర్లేని ఒక కంపెనీ.

కాగితం మీద షరతులు స్పష్టంగానే ఉన్నాయి:
ఏడు రోజులు, రోజుకి మూడాటలు,
ఒక ఆట పొద్దుపోయాక ఉండాలి,
టికెట్టు అమ్మకానికి పెట్టాలి.
ఎవరైనా కొనాలని మాత్రం
ఎక్కడా రాయలేదు.

ఏడడుగులు నడిస్తే పెళ్ళి.
ఏడు రోజులు ఆడితే సినిమా.
ఆ తర్వాత అది ఎవరి ఫోనులో కాపురం పెట్టినా
బంగారు బొమ్మ అడిగే హక్కు దానికి ఉంటుంది.

ప్రొజెక్టర్ గదిలో హ్రాచ్‌కి ముప్పై ఒక్క ఏళ్ళు.
రీళ్ళు మోసిన కుడిభుజం
మోయడానికేమీ లేకపోయినా ఇంకా కిందికే ఉంటుంది.
ఇప్పుడు సినిమా అరచేతంత పెట్టెలో వస్తుంది,
దాని తాళంచెవి ఈమెయిల్లో.
గడువు దాటిన నిమిషానికి
తాళం దానంతటదే పడిపోతుంది.

బస్సులో వస్తూ చూశాడు, సన్‌సెట్ రోడ్డు మీద
ఉప్పు మళ్ళలో నిలబడ్డ ఆ హీరోయిన్‌ని,
నలభై అడుగుల ముఖం.
కింద, ఉద్యోగానికి పెట్టుకున్న అర్జీలా,
దయచేసి పరిశీలించండి.
రోడ్డుకి అవతల ఇంకో కంపెనీ, ఇంకో ముఖం.
ఇద్దరూ మాటల్లేని తోడికోడళ్ళలా
ఒకరినొకరు చూసుకుంటూ.
ఒక్క బోర్డు అద్దెతో
మా సీట్లన్నిటికీ కొత్త బట్ట వేయించొచ్చు
అని లెక్క కట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

సోమవారం ఎవరూ రాలేదు.
మంగళవారం ఒకడొచ్చి బాత్రూం ఎక్కడని అడిగాడు.
"ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది?" అంది
టికెట్ల దగ్గర కూర్చునే యెసేనియా.
"మిషనుకి తెలుస్తుంది" అన్నాడు.
ఖాళీ కుర్చీల మీద సముద్రం వెలిగింది, ఆరింది.

బుధవారం తనబే గారొచ్చారు, చంకలో దిండుతో.
ముసలివాళ్ళ టికెట్టు, సగం ధర.
"ఇది ఇంట్లో కూడా వస్తుందటగా?"
"వచ్చే శుక్రవారం నుంచి."
"నాకు ఇంట్లో ఏడవడం చేతకాదు" అని
చిల్లర లెక్కపెట్టుకుని లోపలికి వెళ్ళారు.

అందులో పదకొండు నిమిషాలు మాటలుండవు.
ఉప్పు, గాలి, పార చప్పుడు.
వెనక ఎడమ స్పీకరులో ఆ గాలి
తేనెటీగలా జుమ్మంటోందని
ఆ రోజే విన్నాడు హ్రాచ్.
గురువారం పొద్దున్నే నిచ్చెనెక్కాడు
ఒక్క మనిషి చెవుల కోసం.
ఆవిడ మళ్ళీ వచ్చారు. శుక్రవారం కూడా.

కొండ మీది ఇంట్లో ఓటున్న పెద్దమనిషి
నడక మిషను మీద నడుస్తూ
ఒకటిన్నర వేగంతో చూశాడట.
గాలి ఏడు నిమిషాల్లో అయిపోయింది.
బాగుంది అనుకుని నొక్కాడు.

మార్చిలో వచ్చింది బొమ్మ, శబ్దానికి.
నలభై అయిదు క్షణాల్లో ఇరవై పేర్లు చదివారు,
పెద్ద తెరకి సాటిలేదన్నారు,
సంగీతం వాళ్ళని మెల్లగా పక్కకి నెట్టింది.
యెసేనియా ఫోనులో చూపిస్తే
హ్రాచ్ కళ్ళజోడు వెతుక్కునేలోపే
ప్రకటన వచ్చేసింది.

గుమ్మం పైన సినిమా పేరు ఇంకా తియ్యలేదు.
రెండక్షరాలు నిజం గాలికే రాలిపోయాయి.
నిన్న ఆ రెండో కంపెనీ ఫోను:
నవంబరులో ఏడు రోజులు ఖాళీ ఉంటుందా?
ఉంటుందన్నాడు.
సీట్లెన్ని అని వాళ్ళు అడగలేదు.
అడిగితే చెప్పేవాడు,
రెండొందల పన్నెండు,
ఒకదాని మీద దిండుంది, తియ్యొద్దు అని.