చేతిబోరు

మా సఖినేటిపల్లిలో రాయి దొరకదు.
కుక్కని అదిలించాలన్నా
రాలిన కొబ్బరిపిందె ఏరుకోవాలి.

అయినా సోషల్ మేష్టర్ని కాబట్టి
ఏటా జూలైలో పటం తగిలించి
గోధుమరంగు మీద బెత్తం ఆనించి
‘ఇవి కొండలు’ అంటాను.
పిల్లలు త్రికోణాలు గీస్తారు,
రెంటి సందున సూర్యుడు.
ఒకసారి కడలి సంజన లేచి అడిగింది:
‘కొండ మెత్తగా ఉంటాదాండీ?’
నవ్వేశాను.

మొన్న బడి వెనక బోరు దింపడానికొచ్చాడు
నేలపూడి ఇమ్మానియేలు,
మూడు వాసాలు, ఓ గొలుసు, ఇద్దరు తమ్ముళ్లతో.
పైపు ఎత్తి కుదేస్తుంటే
నేల బుడబుడా బురద కక్కింది.
పదేసి అడుగులకో దోసెడు పట్టి
గోనెపట్టా మీద వరసగా పోశాడు,
కూతురి పెళ్లికి వంటసరుకు చూసుకుంటున్నట్టు.

పది: గరువు ఇసక.
ముప్పై: నల్లబంక. వేలికంటితే వదల్లేదు.
నలభై దాటాక గవ్వలు,
సముద్రం ఇక్కడ కాపరం చేసి
చెప్పకుండా ఖాళీ చేసి వెళ్లినట్టు.
అరవై: మళ్లీ ఇసకే,
కానీ ఒకటే రంగు కాదు.

బొటనవేలితో విడదీశాడు.
‘నలుపు పడమటిదండి, నాసిక్ అవతల్ది.
ఈ ఎర్రపలుకు పాపికొండలది.
మెరిసే కాకిబంగారం శబరి తెచ్చిందనేవోడు మా నాన్న.
రాజమండ్రి దాటి ఎరగడండి ఆయన.
అన్నీ ఆయన కాళ్లకిందికే వొచ్చేసేయి.’

పిల్లల్ని పిలిచాను.
సంజన పిడికిలి ముంచి
నా వైపు చూడకుండానే అంది,
‘మెత్తగానే ఉందండి.’

ఇమ్మానియేలు పట్టా ఈ చివర వేలు పెట్టాడు,
పది కంటే పైన, ఖాళీగా ఉన్న చోట.
‘ఇక్కడ కొత్తది పడాలండి.
వరదొచ్చి పోతే జానెడు ఒండ్రు ఉండేది.
పైన ఆనకట్టల్లో ఆగిపోతంది.
ఇప్పుడు కొండ లారీల్లో వొత్తంది,
అంతర్వేదిలో సముద్రానికి అడ్డెయ్యడానికి.’

తొంభై దగ్గర నీళ్లు పడ్డాయి.
అరచేతిలో పట్టి నాలిక్కి రాసుకుని
ఉమ్మేశాడు.
ఏమీ అనలేదు. పైపులు పీకి
నది వైపు పది అంగలు కొలిచి
మళ్లీ వాసాలు పాతాడు.

పట్టా ఎత్తొద్దన్నాను, పొద్దున్నే పాఠం చెబుదామని.
రాత్రి వాన పడింది.
తెల్లారేసరికి కుప్పలు లేవు,
కాలవ గట్టు దాకా
నల్లగా, ఎర్రగా, అక్కడక్కడ మెరుస్తూ
ఒక సన్నటి చార.