శ్రుతిపెట్టె

ముందు ఫ్యాను మార్చాను.
టీవీ కింద కూర్చున్న కంప్యూటర్, సినిమాలో ఎవరైనా
గుసగుసలాడబోయిన ప్రతిసారీ
ఆయాసపడేది.
కొత్తది తిరుగుతోందో లేదో
కాగితం ముక్క పెట్టి చూడాల్సి వచ్చింది.

తర్వాత మౌసు.
అది కదిలినప్పుడల్లా స్పీకర్లో చీమలు పాకేవి.
మదర్‌బోర్డు మీది సౌండ్ చిప్పుకి
ఇరుగుపొరుగు గొడవలన్నీ కావాలి,
తన పాట తను పాడుకోదు.
నార్లేన్‌లో ఒకాయన దగ్గర
వాడేసిన డాక్ ఒకటి కొన్నాను, అరవై డాలర్లకి.
చీమలు వెళ్లిపోయాయి.

సెట్టింగుల్లో మెరుగుదల అని పేరు పెట్టుకున్నవన్నీ
ఒక్కొక్కటే ఆర్పేశాను.
సెకనుకి నలభై నాలుగు వేల నూరు ముక్కలుగా తరిగిన పాటని
మళ్లీ నలభై ఎనిమిది వేలుగా తరగొద్దన్నాను.
కంప్యూటర్లో వాల్యూం నిండుగా ఉంచాలి,
తగ్గించాలంటే ఆంప్లిఫయర్ గుండీ దగ్గరే తగ్గించాలి అని
ఇంట్లో అందరికీ, అంటే సారథికి, చెప్పాను.
"చిత్తం" అన్నాడు
మోచేతుల దాకా సబ్బు నురగతో.

స్పీకర్లని గోడకి రెండడుగులు ఎడంగా జరిపాను.
ఆప్ షాపులో దొరికిన ఉన్ని దుప్పటి కిటికీకి వేలాడదీశాను.
దగ్గు తగ్గిన మనిషిలా తేటపడింది గది.

ఇక మిగిలింది ఒక్కటే.
ఝుం.
పాటకీ పాటకీ మధ్య,
మాట అయిపోయి మాట మొదలయ్యే సందులో.
మూడు శనివారాలు దాని వెంట తిరిగాను,
సోఫా వెనక బోర్లా పడుకుని,
తీగ తర్వాత తీగ పీకుతూ.
పక్కింటి కాలిన్, ఎలక్ట్రీషియన్,
చెత్త బిన్ను లోపలికి లాక్కుపోతూ ఆగి
యాంటెన్నా తీసి చూశావా అన్నాడు.

తీశాను. పోయింది.
గోడ ప్లగ్గు ఒక దారిన, యాంటెన్నా ఒక దారిన
రెండు చోట్ల నేలని తాకుతోందట నా ఇల్లు,
ఆ రెండు కాళ్ల మధ్య గానుగెద్దులా తిరుగుతోందట కరెంటు.
బొటనవేలంత ఐసొలేటర్. పదకొండు డాలర్లు.

ఆ రాత్రి వాల్యూం మొత్తం పెంచి
ఏమీ పెట్టకుండా విన్నాను.
ఏమీ లేదు.
ఇంత ఖర్చు పెట్టి కొనుక్కున్న ఏమీ లేకపోవడం,
అప్పుడే ఇస్త్రీ చేసిన గుడ్డ మీద అరచెయ్యి వేసినట్టు.

అప్పుడు పాత వీణ కచేరీ ఒకటి పెట్టాను.
తీగ మోగడానికి ముందు గోరు తగిలిన చప్పుడు.
వెనకెక్కడో తాళం వేస్తున్న చేతి ఉంగరం
కుర్చీకి తగులుతోంది.
పదేళ్లుగా నా దగ్గరున్న పాటలో
ఈ మనిషి ఎప్పటి నుంచి కూర్చుని ఉన్నాడో.

వంటింట్లో సారథి గిన్నెల దగ్గర.
కడిగేటప్పుడు ఏదో తీస్తాడు, మూసిన నోటితో,
పల్లవి దాటదు.
ఎత్తుకున్నాడు. ఆగాడు.
కొంచెం కిందికి దింపి మళ్లీ ఎత్తుకున్నాడు.
కుళాయి కట్టేసి గుమ్మంలోకి వచ్చాడు.
"ఏం పీకావు?"
"ఆ ఝుం."
"అది నా శ్రుతి."

నాలుగేళ్లు.
నేను తెగులనుకున్నదాని మీద
అతను కాలు మోపి నిలబడ్డాడు.
కావాలంటే తీసినది మళ్లీ పెడతానన్నాను.
పెట్టనని ఇద్దరికీ తెలుసు.
రెండు రోజులు గిన్నెలు మాత్రమే మోగాయి.
నా స్పీకర్లు బాగున్నాయి,
చాలా బాగున్నాయి,
ఎవరూ అడగలేదు.

గురువారం అర్ధరాత్రి మంచినీళ్లకి లేచాను.
జీలాంగ్ చలికాలం, కాళ్ల కింద టైల్సు మంచుముద్దలు.
చీకట్లో ఫ్రిజ్ తలుపుకి భుజం ఆనించి
సారథి, నోరు మూసుకుని, మెల్లగా.
అదే చోటు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఊరంతటికీ ఒకటే కరెంటు కదా,
సెకనుకి యాభై ఊపులు.
కాలిన్ ఇంటి హీటరు, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు,
కోరియో రిఫైనరీలో తెల్లవార్లూ వెలిగే దీపాలు
అన్నీ ఆ ఒక్క మెట్టునే పట్టుకుని ఉంటే
నేను పీకింది ఒక్క నోరు.

ఫ్రిజ్ ఒకసారి ఒళ్లు విదిల్చి ఆగిపోయింది.
అతను ఆగలేదు.