అరవై నిమిషాల టేపు

గూడ్సు గార్డు డెంజిల్ రోజారియో
వాల్తేరు నుంచి రాయగడ వచ్చినప్పుడల్లా
టిఫిన్ క్యారేజీ మూడో గిన్నెలో
పులుసు బదులు క్యాసెట్లు తెచ్చేవాడు.
అట్టల మీద పుర్రెలు, గొలుసులు,
మంటల్లోంచి నడిచొచ్చే గుర్రం.
అమ్మ చూస్తే పొయ్యిలో పెడుతుంది.
అందుకే వాటిని అరవై నిమిషాల ఖాళీ టేపుల్లోకి ఎక్కించి
పైన గుండ్రటి ఒడియా అక్షరాల్లో రాసుకున్నాను:
కార్తీక భజనలు, ఒకటి.
కార్తీక భజనలు, రెండు.
తొమ్మిది దాకా అన్నీ భజనలే.

నా బడి ఒడియా, నా ఇల్లు తెలుగు.
వాళ్ళు అరిచేది ఈ రెండూ కాదు.
అందుకేనేమో, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని చోటు దొరికినట్టుండేది.

అయ్యది తేరుబలి ఫ్యాక్టరీ, రెండో నంబరు కొలిమి.
ఇరవై రెండేళ్ళకి
చెవుల్లో జోరీగ కాపురం పెట్టింది.
అన్నం తిన్నావా అని అడగాలన్నా
వీధి మొత్తానికి వినపడేలా అడగాలి.
రేడియో పెడితే
"ఎవుడో దోమలాగ గుయ్యిమంటన్నాడే" అని లేచిపోయేవాడు.

చైత్ర జాతర రోజు, ఇంకా తెల్లారకముందే
మైకుసెట్టు బృందావన్ సాహు గుమ్మంలో నిలబడ్డాడు.
భజనలేవైనా ఉంటే ఇమ్మన్నాడు.
నేను నిద్రలో ఉన్నాను.
అమ్మ నాలుగో నంబరు తీసిచ్చింది.

ముందు గంట మోగింది. నిజంగా గంటే.
గేటు దగ్గర జనం దండం పెట్టుకున్నారు.
తర్వాత వాన చప్పుడు. శుభమే అనుకున్నారు.
ఆ తర్వాత
ఇనప రేకుని నడిమికి చీల్చినట్టు గిటారు.
నీళ్ళ ట్యాంకు మీద కాకులన్నీ ఒక్కసారే లేచాయి.
సాహు చేతికి స్విచ్చు దొరకలేదు.
ఆంప్లిఫయరు కాలిపోతోందని
ఎవరో ఇసక బకెట్టు పట్టుకుని పరిగెత్తారు.

నైటు డ్యూటీ దిగి వస్తున్న అయ్య
లెవెల్ క్రాసింగు దగ్గర సైకిల్ ఆపాడు.
గేటు ఎత్తారు. ఆయన కదల్లేదు.

ఇంటికొచ్చి, చొక్కా విప్పకుండానే:
"గుంటా, ఆ పాటేటి?"
నేను దెబ్బకి సిద్ధంగా ఉన్నాను.
"అది మా రెండో నంబరే.
మూతి పొడిచినప్పుడు అలగే బుసకొట్టి,
అప్పుడు పడతాది.
నానొక్కడ్నే ఇంటన్నాననుకున్నాను
ఇన్నాళ్ళూ."

అప్పట్నుంచి ఆదివారాలు
స్పీకరు మీద అరచెయ్యి పెట్టి కూర్చునేవాడు,
జ్వరం చూసే డాక్టరులా.
గాయకుడి కేకలకి పెద్ద మర్యాద ఉండేది కాదు.
"ఈడు ఊరికే ఆయాసపడతన్నాడు. ఆ కింద కొట్టేవోడు పనోడు"
అనేవాడు, బేసు గిటారు వాడి గురించి.
ముప్పై నిమిషాలకి
పాట మధ్యలోనే టేపు అయిపోయి టక్కుమనేది.
"డ్యూటీ అయిపోనాది" అని లేచేవాడు.

ఇప్పుడు అక్క కూతురు కుముదిని
రోజుకో ఆల్బమ్ ఫోన్లో పంపుతుంది.
నిన్న కోరాపుట్ కుర్రాళ్ళది.
డ్రమ్ములు మరతుపాకి. ఒక్క దెబ్బ పక్కకి పోదు.
గిటార్లు కడిగి ఆరేసినంత శుభ్రం.
నాకు కొంచెం తుప్పు కావాలి పిల్లా, అన్నాను.
మూడో పాటలో మాత్రం
ఒకడు సగం తవ్వేసిన కొండని పేరు పెట్టి పిలిచాడు,
గొంతులో రాళ్ళు దొర్లుతుంటే.
అక్కడ సౌండు పెంచాను.
పక్కింటివాళ్ళు కిటికీ మూశారు.

వెతికితే నా నాలుగో నంబరూ దొరికింది, పూర్తిది.
టేపు తెగిన చోటు తర్వాత
పాట ఇంకా రెండు నిమిషాల పది సెకన్లు ఉందట.
విన్నాను.
గిటారు ఎక్కడికో పైకెక్కి, మెల్లగా దిగి,
మళ్ళీ వానలోకి వెళ్ళిపోయింది.
బాగానే ఉంది.
కానీ ఆ రెండు నిమిషాలు
మా ఇంట్లో ఎన్నడూ కాలు పెట్టలేదు.

మళ్ళీ మొదట్నుంచి పెట్టాను.
ఈసారి పాత చోటే ఆపేశాను.
ఫోను టక్కుమనలేదు.
నాలుకతో నేనే అన్నాను.