మూరెడు వెలుగు

హౌకిలంపి మడుగుది డికాక్షన్ రంగు.
చెయ్యి ముంచితే మణికట్టు దాకా రాగి,
మోచేతి దగ్గర చీకటి.
పుట్టినప్పటి నుంచీ ఇవే నీళ్లు నాకు.
తెల్లటి నీళ్లంటే
ఎవరో ఏదో కడిగి పారబోసినవనుకునేవాణ్ణి.

ఔలు నుంచి వచ్చిన ఇన్కేరి
నన్నూ నా పడవనీ గంటల లెక్కన మాట్లాడుకుంది.
క్వార్ట్జ్ గొట్టాల్లో మడుగునే నింపి
మడుగులోనే వేలాడదీసింది:
పైన కొన్ని, జానెడు లోతున, మూరెడు, నిలువెత్తు.
సగం గొట్టాలకి వెండి రేకు చుట్టి
"ఇవి సాక్షులు" అంది,
"ఏమీ జరగలేదని చెప్పడానికి."

లాప్‌లాండ్ జూన్. సూర్యుడు అస్తమించడం మానేశాడు.
అర్ధరాత్రి అడివి అంచు మీద ఒరిగి
మళ్లీ లేస్తాడు, కునుకు పట్టని కాపలావాడిలా.

దోమల్ని తోలుకుంటూ ఆమె చెప్పింది:
చేపలోకెక్కేది ఊరికే పాదరసం కాదట.
అడుగు బురదలో, గాలాడని చోట
ఒక కర్బనపు కొక్కెం తగిలించుకుంటుందట.
ఆ కొక్కెంతోనే కండని పట్టుకుంటుంది,
మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు
నర్సు వద్దన్న పైక్ చేప కండని.
ఎండ పడితే కొక్కెం తెగుతుంది.
ఈ కషాయపు నీళ్లే ఎండని మింగి
కత్తికి సాన పడతాయి.
ఈ నీళ్లే ఎండకి అడ్డం నిలబడతాయి.

"మరి తెగిన పాదరసం?"
"కొంత గాల్లోకి లేస్తుంది."
"అక్కణ్ణుంచి?"
ఆమె తెడ్డు వైపు చూసింది.
"మంచుతో దిగుతుంది. ఇక్కడో, ఇంకెక్కడో."

అంటే సూర్యుడూ మా బావ తౌనోలాంటివాడే.
వాకిలి అద్దంలా ఊడ్చి
చెత్త పక్కింటి గట్టున పోస్తాడు.

నాలుగో రోజు గొట్టాలు పైకి లాగాం.
పైవి లేత టీ రంగుకి తిరిగాయి.
మూరెడు కిందివి
రేకు కట్టినవాటికి కవల పిల్లలు.
ఇన్కేరి ఏదో రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది.
"ఈ మడుగు ఆరు నిలువుల లోతు గదా" అన్నాను,
నన్నెవరూ అడక్కపోయినా.
ఆమె నవ్వలేదు. "అవును" అంది.

తిరిగొస్తుంటే పడవ పక్కన, జానెడు లోతులో
ఒక ముసలి పైక్, నానిన మొద్దులా.
మా చిన్నదాని వయసుంటుంది.
నా నీడ దాని వీపు మీద పడి ఉంది.
తెడ్డు ఒక్కసారి వేసి
పడవని అటు జరిపాను.