మళ్ళీ పేరడుగుతాను

ఏడున్నరకి అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి
మూసీ వాసన దాటుకుని గేట్లోకి అడుగుపెట్టానా,
ఇక నేను సిస్టర్‌ని.
ఇరవై రెండేళ్ళుగా అందరికీ అదే పిలుపు.
మా అమ్మ పెట్టిన సువార్తమ్మ
జీతం కాగితం మీద బతుకుతోంది.

అందుకేనేమో
ఎదుటివాళ్ళ పేరు దగ్గర నాకింత మొండితనం.

"పేరేంది పెద్దమ్మా?"
"పొద్దుగాల చెప్పిన గద బిడ్డా, గప్పుడే మర్సినవా?"
మరవలేదు.
అయినా అడుగుతాను.
చేతి పట్టీ చదువుతాను, కేస్‌షీటు చదువుతాను,
సీసా మీది చీమతలకాయంత అక్షరాల్ని
కిటికీ వెలుగుకి తిప్పి చదువుతాను.
అప్పుడుగానీ సూది మూత తియ్యను.

ఫర్హీన్, నువ్వొచ్చి పదకొండు రోజులు.
నీ నోట్సులో ఎర్రగీతలు చూశాను:
సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు,
సరైన దారి, సరైన వేళ.
పరీక్షకి చాలు.
ఇక్కడ అరవై మందికి ఇద్దరం,
అందులో ఒకరు ఎప్పుడూ ఆక్సిజన్ సిలిండరు వెంట పరుగు.

ఒక రాత్రి సంగతి చెప్తాను, గ్లౌజులు తొడుక్కుంటూ విను.

ఆ రాత్రి వార్డులో ఇద్దరు బాలమణులు.
ధూల్‌పేట బాలమణికి చక్కెర,
నారాయణఖేడ్ బాలమణికి ఆయాసం.
పదిహేడో మంచం, పంతొమ్మిదో మంచం.
మధ్యలో పద్దెనిమిది
ఆ సాయంత్రమే ఖాళీ అయింది.
దుప్పటి ఇంకా తియ్యలేదు.
నా కళ్ళు ఆ దుప్పటి మీదే ఉన్నాయి.
"బాలమణీ" అన్నాను.
"ఆఁ" అంది నిద్రలో.
ఆ ఒక్క "ఆఁ" మీద
పది యూనిట్ల ఇన్సులిన్.

ముప్పావుగంటకి చెమటలు, వణుకు, ముద్దమాట.
గ్లూకోజు ఎక్కిస్తుంటే
నా చేతులు వేరే ఎవరివో అన్నట్టు పనిచేశాయి.
నాలుగున్నరకి కళ్ళు తెరిచి
"చాయ్ దొరుకుతదా?" అని అడిగింది
నారాయణఖేడ్ బాలమణి.

"తగ్గింది కదా, వదిలెయ్" అన్నాడు డ్యూటీ డాక్టరు,
మంచివాడే.

పొద్దున చార్జి తీసుకోవడానికొచ్చిన రాజరత్నం సిస్టర్
నా మొహం చూసింది.
రిజిస్టరు నా ముందుకి జరిపి
పెన్ను మూత తీసి ఇచ్చింది.
"రాయి. ఎన్నింటికి, ఎంత, ఎవరికి.
పొరపాటున అనే మాటతో మొదలెట్టకు.
నువ్వు చేసింది ముందు. నీ ఏడుపు తర్వాత."

రాశాను. కింద పూర్తి పేరు, గుర్రం సువార్తమ్మ.
ఆ అక్షరాలు అంత స్పష్టంగా
పెళ్ళి కార్డు మీద కూడా లేవు.

తర్వాత వెళ్ళి బాలమణికి చెప్పాను.
చాలాసేపు నన్ను చూసి అంది:
"లేపి అడిగితే చెప్తుంటి గద."

మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది.
వార్డులో ఒకే పేరున్నవాళ్ళ కేస్‌షీటుకి
పసుపు చీటీ అంటించడం మొదలైంది.
నువ్వు నిన్న ఎందుకిది అనడిగావే, ఆ చీటీ.

ఇప్పుడు పద, ఆరో మంచం.
రాత్రి నాంపల్లి స్టేషన్ నుంచి నూటెనిమిదిలో తెచ్చారు.
షీటు మీద: గుర్తు తెలియని స్త్రీ, సుమారు యాభై.
చేతి పట్టీ మీద అంకె మాత్రమే.
"ఈమెనెట్లా అడగాలి సిస్టర్?" అంటావు.

అడుగు. జవాబు రాదు.
అయినా ఒక్క నిమిషం ఆగు,
ఆ నిమిషం ఆమెది.
తర్వాత గుడ్డ పిండు,
ఒళ్ళు తుడవబోయే ముందు
చెవి దగ్గరికి వంగి చెప్పు
నీళ్ళు కొంచెం చల్లగా ఉన్నాయని.