పాయింట్ ఎనిమిది

రాజోలు రక్తపరీక్షల సెంటర్లో పిల్ల
చీటీ చేతికిచ్చి "పాయింట్ ఎనిమిది,
బాగుంది బాబాయి గారూ" అంది.
లిథియమంట. లోహమే గానీ మునగదు,
నీళ్ళలో వేస్తే తేలుతూ బుసకొడుతుందని
కాకినాడ డాక్టరు గారు చెప్పారు.
నేనూ అంతేనండి, ఆయ్.

ఎర్రనీరు లంకలెక్కిన ఏడాది
పదకొండు రాత్రులు కన్ను మూయలేదు.
రొయ్యల చెరువు కౌలు డబ్బు పెట్టి
వీధి వీధంతటికీ ప్రెషర్ కుక్కర్లు కొన్నాను.
ముప్ఫై నాలుగు.
అందరూ తీసుకున్నారు, మా పల్లాలమ్మ తప్ప.
ఆ తర్వాత ఏడు నెలలు
గోడవైపు తిరిగి పడుకున్నాను.
పూటపూటా కూతలు వినబడేవి.

ఇప్పుడు పూటకో బిళ్ళ.
ఉప్పు మానొద్దన్నారు, నీళ్ళు తగ్గించొద్దన్నారు,
రోహిణి ఎండలో చెమటోడిస్తే
లెక్క తప్పుతుందన్నారు.
సఖినేటిపల్లి రేవు నుంచి అంతర్వేది దాకా
బ్యాటరీ ఆటో తోలుతున్నాను.
సీటు కింద ఉన్నదీ అదేనని
షోరూం కుర్రాడన్నాడు.
రాత్రికి ఇద్దరికీ ఛార్జింగే.
దానికి పచ్చ లైటు వెలుగుతుంది,
నాకు పల్లాలమ్మ నుదుటి మీద చెయ్యేసి చూస్తుంది.

చెయ్యి కొంచెం వణుకుతుంది.
టీ గ్లాసులోంచి సాసర్లోకి, సాసర్లోంచి చొక్కా మీదికి.
పంటు మీద ఒకాయన "పొద్దున్నే వేసేశావా?" అన్నాడు.
"కాదండి, ఉప్పు" అన్నాను.

ఒకటే దిగులు.
ఆ పదకొండు రాత్రులూ గోదారి
నన్ను పేరు పెట్టి పిలిచింది.
ఇప్పుడు రేవులో చెవొగ్గితే
నీళ్ళ చప్పుడూ, ఇంజనూ.

ఇవాళ ప్లగ్గు పీకి బండి తీస్తుంటే
వీధి చివర కుక్కరు కూసింది.
"లెక్క ప్రకారం మనదే"
అంది పల్లాలమ్మ, అంట్లు తోముతూ.