సరుకుల పుస్తకం

తెల్లారకముందే పూర్ణా మార్కెట్లో
ఉల్లిపాయలు ఎనిమిది కిలోలు, క్యాబేజీ పది,
ఉప్పు రెండు ప్యాకెట్లు.
ఇరవై రెండు మందికి, పద్దెనిమిది రోజులకి.
సంచి మూతి బిగిస్తూ ఎర్రయ్య అన్నాడు:
"ఓడలో ఉన్నది మనుషులా, పిచ్చుకలా?"
నవ్వి రాసుకున్నాను.
ఓడలకి సరుకులేసేవాళ్ళం, రాసుకోవడమే మా పని.

డాల్ఫిన్స్ నోస్‌కి అవతల, లంగరు దించి
పేరు మీద పేరు పూసుకుని నిలబడింది ఆ ఓడ.
ఎండ పడితే కింది అక్షరాలు ఉబ్బి కనిపిస్తాయి.
ఏ దేశమని అడక్కూడదు.
ఆ దేశంలోంచి ఉత్తరం రాదు,
వెళ్ళినవాళ్ళు చూసింది చెప్పరు,
చెప్పినవాళ్ళు మళ్ళీ వెళ్ళలేరు.

తాడందుకునే కుర్రాడికి మెడ మీద కాలిన మచ్చ.
ఖాళీ గోనెసంచులు కడిగి, ఆరబెట్టి,
మడతపెట్టి తిరిగిచ్చేవాడు.
ఎవరూ అడగలేదు.
ఒకసారి కొండ మీది లైట్‌హౌస్ వైపు గడ్డం ఎత్తి
కనుబొమలు ఎగరేశాడు.
"విశాఖపట్నం" అన్నాను.
"విసా..." అన్నాడు.
పైనుంచి ఎవరో దగ్గారు.
మిగతా పట్నం నోట్లోనే మింగేశాడు.

తర్వాతి ట్రిప్పుకి తాడు వేరే చెయ్యి అందుకుంది.
సంచులు తిరిగి రాలేదు.
ఆర్డరు చీటీలో ఇరవై ఒకటి.
పోర్టు కాగితాల్లో మటుకు ఇరవై రెండే.

ఆగస్టులో మారెట్ గారొచ్చారు,
ఏదో అంతర్జాతీయ సంస్థ, మెడలో కార్డు,
బూట్లనిండా బీచిసుక.
నిచ్చెన ఎక్కనిచ్చారు. టీ ఇచ్చారు.
ఆరుగురు వరసగా వచ్చి ఒకే వాక్యం చెప్పి వెళ్ళారు:
"మాకే లోటూ లేదు."
ఆరోవాడు, ఐదోవాడి దగ్గుతో సహా చెప్పాడు.

లాంచీలో తిరిగొస్తూ ఫారం చూపించిందావిడ.
గళ్ళన్నీ నిండాయి.
"పదేళ్ళుగా ఇదే పని," అంది,
"తలుపు బయట నిలబడి
తలుపు బాగుందని రాయడం."

ఎర్రయ్యకి ఇంగ్లీషు రాదు.
ఇంజను తగ్గించి నా జేబు కేసి చూశాడు.

గోపాలపట్నంలో ఇంటద్దె గుర్తొచ్చింది.
ఏటా రెన్యువలయ్యే పోర్టు పాసు,
దాని మీద సంతకం పెట్టే ఆయన
ఆ ఓడ ఏజెంటుతో కలిసి తాగే కాఫీ.
లాంచీ ఒక అల ఎక్కి దిగింది.

పుస్తకం ఇచ్చాను.

తెలుగు రాదు, అంకెలొచ్చు.
ఉల్లి పక్కన ఎనిమిది. ఇరవై రెండు.
ఉల్లి పక్కన ఆరు. ఇరవై ఒకటి.
అక్కడ ఆగింది వేలు.
"ఈ ఒక్కడు?"
పేరు నాకేం తెలుసు.
సంచులు మడతపెట్టేవాడని చెప్పాను.
దానికి గడి లేదు ఫారంలో,
అంచున రాసుకుంది, నిలువుగా, చిన్నగా.

ఓడ వెళ్ళిపోయింది. నా పాసు ఇంకా రాలేదు.
ఆ మూడు గోనెసంచులు గోడౌన్లో మేకుకున్నాయి.
ఎర్రయ్య వాటిని వాడనివ్వడు.
మడత విప్పితే
మళ్ళీ అలా పెట్టేదెవరంటాడు.